విశ్వ క్షితిజాలు: ఒక భావన చరిత్ర

పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో నిలబడి పటాన్‌చెరు వైపు చూడండి. చూపు ఒకచోట ఆగిపోతుంది. రహదారి మాత్రం ఆగదు. చూపుకు ఉన్న ఈ హద్దే క్షితిజం. వ్యాకోచిస్తున్న విశ్వంలోనూ మనకు ఇలాంటి హద్దులున్నాయి. వాటి స్వభావం స్పష్టపడటానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. ఆ చరిత్రను ఈ భాగంలో తెలుసుకుందాం.

1. ప్రశ్న పుట్టుక

1917లో డచ్ ఖగోళ శాస్త్రజ్ఞుడు విల్లెమ్ డి సిట్టర్ ఐన్‌స్టైన్ సమీకరణాలకు ఒక కొత్త సాధన చూపాడు. అది పదార్థమే లేని విశ్వం. అందులో మన నుంచి ఒక నిర్దిష్ట దూరంలో గడియారాలు ఆగిపోయినట్లు కనిపించాలి. ఆ హద్దు దగ్గర పదార్థం దాగి ఉండాలని 1918లో ఐన్‌స్టైన్ వాదించాడు. దూరాన్ని, కాలాన్ని కొలవడానికి ఎంచుకున్న నిరూపకాల వల్లే ఈ చిక్కు వచ్చిందని గణితజ్ఞుడు ఫెలిక్స్ క్లైన్ అదే ఏడాది చూపాడు. అక్కడున్న పరిశీలకుడికి తన గడియారం మామూలుగానే నడుస్తుంది.

2. పరిశీలనలు

అదే కాలంలో హైదరాబాదులోనూ ఆకాశాన్ని ఫొటో పలకలపై నమోదు చేస్తున్నారు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ నెలకొల్పిన నిజామియా వేధశాల ఒక అంతర్జాతీయ నక్షత్ర పట్టిక పథకంలో భాగస్వామి. ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల మధ్య ఉన్న పట్టీ దాని వంతుకు వచ్చింది. అయితే ఆ నక్షత్రాలు మన పాలపుంతలోవి. గురుత్వం బంధించి ఉంచిన పాలపుంత వ్యాకోచంతో సాగదు. వ్యాకోచం తెలియాలంటే ఇతర గెలాక్సీల వర్ణపటాలు కావాలి.

అమెరికాలో వెస్టో స్లైఫర్ 1912 నుంచి ఆ పని చేశాడు. 1923లో ఎడింగ్టన్ ప్రచురించిన పట్టికలోని 41 వేగాల్లో 36 దూరమవుతున్న గెలాక్సీలవే. వాటి కాంతి తరంగదైర్ఘ్యం ఎరుపు వైపు జరిగింది. దీన్నే అరుణ విస్థాపనం అంటారు. 1927లో లెమైత్ర్ దీన్ని విశ్వవ్యాకోచంతో వివరించాడు. గెలాక్సీల దూరానికీ వేగానికీ ఉన్న సంబంధాన్ని 1929లో హబుల్ పరిశీలనలతో చూపాడు.

3. సాగే దారిలో కాంతి

పటాన్‌చెరు నుంచి చౌరస్తాకు ఒకరు గంటకు 15 కి.మీ. వేగంతో సైకిల్‌పై వస్తున్నారనుకోండి. దారిలో ప్రతి కిలోమీటరూ గంటకు ఒక కి.మీ. చొప్పున సాగుతోంది. 10 కి.మీ. దూరంలో ఉంటే అతడు దగ్గరవుతాడు. సరిగ్గా 15 కి.మీ. వద్ద ఉంటే ఎంత తొక్కినా అక్కడే ఉంటాడు. 20 కి.మీ. వద్ద ఉంటే దూరమైపోతాడు. అతడు 25 కి.మీ. దూరానికి చేరినప్పుడు సాగే రేటు సగమైతే? దారి గంటకు 12.5 కి.మీ. సాగుతుంది; అతడు మళ్లీ దగ్గరవుతాడు.

కాంతి కూడా ఇంతే. కాబట్టి కాంతికన్నా వేగంగా దూరమవుతున్న గెలాక్సీలు కనిపించవని అనుకోవడం పొరపాటు. వ్యాకోచ రేటు కాలంతో తగ్గుతూ వచ్చింది కనుక అలాంటి గెలాక్సీలు ఎన్నో మనకు కనిపిస్తున్నాయి.

4. రెండు క్షితిజాలు

1956లో వోల్ఫ్‌గాంగ్ రిండ్లర్ రెండు హద్దులను వేరుచేశాడు. విశ్వం పుట్టినప్పటి నుంచి నేటివరకు ఎంత దూరం నుంచి కాంతి మనల్ని చేరగలిగిందో ఆ హద్దు కణ క్షితిజం. నేటి లెక్కల్లో అది సుమారు 4,600 కోట్ల కాంతి సంవత్సరాలు. ఈరోజు బయలుదేరే కాంతి ఎప్పటికైనా మనల్ని చేరగల హద్దు ఘటనా క్షితిజం. అది సుమారు 1,600 కోట్ల కాంతి సంవత్సరాలు. వ్యాకోచం వేగం పుంజుకుంటోందని 1998లో సూపర్‌నోవాల పరిశీలనలు తెలిపాక ఈ రెండో హద్దుకు ప్రాముఖ్యం పెరిగింది.

ఘటనా క్షితిజాన్ని దాటే గెలాక్సీ మనకు ఒక్కసారిగా మాయం కాదు. దాటకముందు వెలువడిన కాంతి ఇంకా ఎర్రబడుతూ, మసకబారుతూ, అంతకంతకూ ఆలస్యంగా వస్తూనే ఉంటుంది. దాటిన క్షణాన్ని మాత్రం మనం ఎన్నటికీ చూడలేం. ఆ గెలాక్సీలో ఉన్నవారికి ఆ క్షణంలో ఏ ప్రత్యేకతా తోచదు. వారి దృష్టిలో క్షితిజాన్ని దాటుతున్నది మనం.

మీ ప్రగతిని సరిచూసుకోండి: పై సైకిల్ ఉదాహరణలో సాగే రేటు ఎప్పటికీ తగ్గకపోతే ఘటనా క్షితిజం ఎంత దూరంలో ఉంటుంది? కారణం రాయండి.