రాగిరేకుల మీద వైరాగ్యం

ధనాశను భక్తకవులు నిరసించడం ఓడిపోయిన సమాజం చెప్పుకున్న ఊరట అని ఒక మాట మనలో పాతుకుపోయింది. లేనివాడు లేమినే గొప్ప చేసుకున్నాడని దాని సారాంశం. ఆధారాలు తరచి చూస్తే ఆ మాట నిలవదు.

కఠోపనిషత్తులో నచికేతుడు యముడు ఇవ్వజూపిన సంపదలను కాదన్నాడు. 12వ శతాబ్దపు కన్నడ శివశరణులు కష్టపడి సంపాదించమన్నారు, సంపాదించింది పంచమన్నారు. పోతన భాగవతంలో బలి గురువు వారించినా వినక దానమిచ్చాడు. ఇవి అందరూ ఎరిగినవే. అసలు చిక్కు 15, 16 శతాబ్దాల తిరుమల దగ్గర ఉంది.

అన్నమయ్య (1408–1503) అధ్యాత్మ సంకీర్తనల్లో పొట్టకూటికీ కూడబెట్టడానికీ మనిషి పడే పాట్లు వృథా అన్న బాధ పదేపదే వినిపిస్తుంది. ఆ పాటలు మనదాకా వచ్చింది రాగిరేకుల మీద. కొడుకు పెదతిరుమలాచార్యుల కాలంలో వేలాది రేకులు చెక్కించి కొండమీద సంకీర్తన భాండారంలో భద్రపరిచారు. అంత రాగి, అంతమంది చెక్కేవారి కూలి పేద ఇంటివల్ల అయ్యే పని కాదు. తిరుమల శాసనాల్లో అన్నమయ్య వంశీకులైన తాళ్లపాకవారు దాతలుగానూ కనిపిస్తారు. ఆనాడు దాతలిచ్చిన సొమ్ముతో దేవస్థానం తన గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించేది. పెరిగిన పంటతో నైవేద్యం జరిగేది. ప్రసాదంలో నాలుగోవంతు దాతకు చెందేది.

కాబట్టి ఆ వైరాగ్యం కలిమి నడుమ పుట్టింది. అది తప్పుపట్టింది ఇంట్లో మూలిగే ధనాన్ని. ఊరికి నీరై పారిన ధనాన్ని కాదు. అలాగని దానాలన్నీ నిష్కామమనలేం. ఆ నాలుగోవంతు దాతకు రాబడే, దానివెంట పలుకుబడీ వచ్చింది. పాటకూ నడతకూ మధ్య ఎడం అప్పుడూ ఉంది. అయినా ఆ ఎడాన్ని ఎత్తిచూపే గొంతు గుడిలోనే, దాతల ఇంట్లోనే పలికింది. నా దృష్టిలో ఆ కాలపు గొప్పతనం అదే.

ఇప్పుడు ఆ గొంతు సన్నగిల్లింది. హైదరాబాదు శివార్లలోని చిలుకూరు బాలాజీ గుడికి హుండీ లేదు, మెచ్చదగిన నియమం. అక్కడికే వీసా కోసం వచ్చి 11 ప్రదక్షిణలు చేస్తారు, కోరిక తీరితే 108. బతుకుతెరువు కోరుకోవడం తప్పు కాదు, మొక్కులూ కొత్తవి కావు. కానీ ఒక కోరిక తీరగానే మరో కోరికతో బయల్దేరే మనకు ఎంతైతే చాలునని అడిగేవారు లేరు. అన్నమయ్య పాటను పెళ్లిపందిట్లో, రింగ్‌టోన్‌లో వింటున్నాం. ఆ ప్రశ్నను వదిలి రాగాన్నే ఉంచుకున్న భక్తి సగం భక్తే.