మసి కాగితంపై నాడి

గుండె ముడుచుకున్న ప్రతిసారీ బృహద్ధమనిలోకి ఒక్కసారిగా వచ్చిపడే రక్తం ఆ నాళపు గోడను ఉబ్బిస్తుంది. ఆ ఉబ్బు అలలా ధమనుల గోడల వెంట సాగి కొసల దాకా చేరడం వల్లనే మణికట్టు దగ్గర వేళ్లకు నాడి తగులుతుంది. రక్తం కంటే ఎన్నో రెట్లు వేగంగా పరుగెత్తే ఈ అలను నాడీతరంగం అంటారు. గోడ బాగా సాగేదైతే తరంగం నిదానిస్తుంది, బిరుసెక్కితే జోరందుకుంటుంది. ఈ వేగానికీ గోడ సాగే గుణానికీ ఉన్న సంబంధాన్ని థామస్ యంగ్ 1808లోనే లండన్ రాయల్ సొసైటీ ఉపన్యాసంలో చర్చించగా, నెదర్లాండ్స్‌కు చెందిన మోయెన్స్, కోర్టెవెగ్ 1878 నాటికి దాన్ని గణితసూత్రంగా నిలబెట్టారు. రోగి మంచం పక్కన పనికొచ్చే విద్య మాత్రం మరో దారిన వచ్చింది.

1860లో పారిస్‌లో ఎతియెన్ జూల్ మరే రూపొందించిన స్ఫిగ్మోగ్రాఫ్, అంటే నాడిని గీతగా రాసే యంత్రం, ముంజేతికి కట్టుకునేంత చిన్నది. ధమనిపై ఆనించిన స్ప్రింగు కదలికను సన్నని మీట పెద్దది చేసి చూపేది. గడియారపు చక్రాలు ముందుకు నడిపే మసి పట్టించిన కాగితంపై మీట కొస గీరుకుంటూ పోగా నల్లని నేల మీద తెల్లని గీత మిగిలేది. దీని లోపమల్లా స్ప్రింగు ధమనిని ఎంత బలంగా నొక్కుతున్నదో తెలియకపోవడమే.

ఆ లోపాన్ని సరిదిద్దినవాడు లండన్ గైస్ ఆసుపత్రిలో చదువుకున్న ఫ్రెడరిక్ అక్బర్ మహమ్మద్. పాట్నాలో పుట్టి, బ్రైటన్‌లో ఆవిరి స్నానాలు, మర్దన సేవలతో పేరు గడించి, రాజులకు సైతం సేవలందించిన దీన్ మహమ్మద్‌కు ఇతను మనుమడు. నొక్కుడును తిప్పుడు మరతో కొలిచే ఏర్పాటును యంత్రానికి చేర్చి, 1872 నుంచి తన పరిశీలనలను ప్రచురించసాగాడు. ఆరోగ్యవంతుని నాడిగీత నిటారుగా లేచి వెంటనే వాలుతుందనీ, ధమనుల్లో బిగువు పెరిగినవారిలో మొదటి శిఖరం వెనుకే రెండో ఉబ్బు లేచి గీత నెత్తిని వెడల్పు చేస్తుందనీ గమనించాడు. బిరుసు గోడల వెంట వేగంగా వెళ్లిన తరంగం కొసల నుంచి తిరిగివచ్చి, గుండె ఇంకా రక్తాన్ని నెడుతుండగానే దాని మీద పడడం ఇందుకు ముఖ్య కారణమని తరువాతి శాస్త్రం వివరించింది. మూత్రంలో ఆల్బుమిన్ కనపడకముందే బిగువు పెరగవచ్చనీ, మూత్రపిండాల జబ్బు లేనివారిలోనూ అది ఉండవచ్చనీ చెప్పడం అతని అసలు ఘనత. రక్తపోటును మరో జబ్బుకు తోకగా కాక, దానంతటదే ఒక స్థితిగా చూసిన తొలి చూపుల్లో ఇదొకటి. 1884లో, 35 ఏళ్ల వయసులోనే, టైఫాయిడ్ అతన్ని బలిగొంది.

ఆ తరువాత ఈ విద్య మరుగున పడటానికి కారణం అది తప్పని తేలడం కాదు, అంతకంటే సులువైనది దొరకడం. 1896లో ఇటలీలో రివా-రోచీ చేతికి చుట్టే గాలిపట్టీని, 1905లో రష్యాలో కొరొత్కోవ్ స్టెతస్కోపుతో శబ్దాలు వినే పద్ధతిని ప్రవేశపెట్టడంతో, నైపుణ్యం గల కన్ను చదవవలసిన గీత స్థానంలో ఎవరైనా చీటీపై రాయగల రెండు అంకెలు వచ్చాయి. ఆ మార్పిడిలో వైద్యం పొందినది చాలా ఎక్కువ. పోగొట్టుకున్నదాన్ని దశాబ్దాల పాటు ఎవరూ పెద్దగా వెతకలేదు. 1922లో బ్రామ్‌వెల్, హిల్ మనిషిలో నాడీతరంగ వేగంపై వెలువరించిన పరిశోధన కూడా చికిత్సాలయాల అలవాటును మార్చలేకపోయింది.

ఇరవయ్యో శతాబ్ది చివర, సిడ్నీలో మైకేల్ ఓ'రూర్క్ వంటివారి కృషితో గీత మళ్లీ పరిశీలనకు వచ్చింది. మెడలోని కెరోటిడ్ ధమనికి, తొడ మొదట్లోని ఫెమొరల్ ధమనికి తరంగం చేరే సమయాల తేడాతో వాటి మధ్య దూరాన్ని భాగించి వేగాన్ని లెక్కగట్టడం ప్రామాణిక పద్ధతి అయింది. ఫ్రాన్స్‌లో 1999లో మూత్రపిండాలు పూర్తిగా దెబ్బతిన్నవారిలో, 2001లో రక్తపోటు రోగులలో జరిగిన అధ్యయనాలు ఈ వేగం ఎక్కువైనవారికి మరణాపాయం ఎక్కువని, ఇతర కారణాలను లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా, చూపాయి. 2007 ఐరోపా మార్గదర్శకాలు సెకనుకు 12 మీటర్లను హద్దుగా పెట్టాయి. ఒంటి మీద టేపుతో కొలిచిన దూరం ధమని అసలు దారి కంటే ఎక్కువ వస్తున్నందున దానిలో 80 శాతాన్నే తీసుకోవాలని నిపుణులు నిర్ణయించడంతో 2012లో ఆ హద్దు 10కి దిగింది. 2018 నాటి ఐరోపా మార్గదర్శకాలు దీని విలువను ఒప్పుకుంటూనే, ప్రతి రోగికీ మామూలుగా చేయడం ఆచరణలో కుదరదని తేల్చాయి.