"చివరకు మిగిలేది" చిత్రకథ – చరకోక్తమైన ఉన్మాదచికిత్స

"చివరకు మిగిలేది" యను పేరు వినఁగానే సాహిత్యపరులకు బుచ్చిబాబుగారి నవల స్ఫురించుట సహజము. గుత్తా రామినీడుగారి దర్శకత్వమున 1960లో వెలువడి, సావిత్రి నాయికగా నటించిన చలనచిత్రమునకును నీ పేరే కలదు. ఇది నామసామ్యమేకాని యీ రెంటికిని గథాసంబంధ మిసుమంతయు లేదు. నవలనుండియే చిత్రము పుట్టినదని నమ్మువారు మా టెక్కలి పలాస ప్రాంతములఁ జదువుకొన్నవారిలోనే కలరు గావున నీ మాట ముందుగాఁ జెప్పవలసి వచ్చినది.

చిత్రమునకు మూలము వంగభాషలో నున్నది. ఆశుతోష్ ముఖోపాధ్యాయుని కథ నాధారముగాఁ గొని అసిత్ సేన్ 1959లో "దీప్ జ్వేలే జాయ్" అను చిత్రమునకు దర్శకత్వము వహించెను. సుచిత్రా సేన్ అందు నాయిక. మఱుసటి యేఁడే యా కథ తెలుఁగునకు వచ్చెను. అసిత్ సేనే హిందీలోఁ దీసిన "ఖామోషీ" 1969 నాఁటిది. హిందీని జూచి మనవా రనుకరించిరనుట కాలక్రమము నెఱుఁగని మాట.

కథ మానసికవైద్యశాలలో నడచును. ప్రేమభంగమువలన మతి చలించిన రోగికి విద్యుత్ప్రయోగమునకు మాఱుగా, నొక పరిచారిక ప్రియురాలివలె మెలఁగి యాతని మనస్సును గుదురుపఱుపవలెనని ప్రధానవైద్యుఁడు తలఁచును. మొదటి రోగి స్వస్థుఁడై వెడలిపోవును. పరిచారిక హృదయ మాతనియందే చిక్కుకొనును. రెండవ రోగికిని నామెనే నియోగింతురు. అతఁడును గోలుకొనును. ఆమె మాత్ర మున్మాదగ్రస్తయై, తాను సేవచేసిన శాలలోనే రోగిగాఁ జేరును.

విద్యుత్ప్రయోగమును రోమునగరమున చెర్లెట్టి, బీనీ యను వైద్యులు 1938లో నారంభించిరి. ఉన్మాదశమనౌషధములు 1952 పిమ్మటఁ గాని వ్యాప్తికి రాలేదు. కావునఁ జిత్రములోని వైద్యుని జంకు కవికల్పితమాత్రము గాదు. మత్తును, గండరములను సడలించు మందును నీయక యీ ప్రయోగము చేయరాదని 2017 నాఁటి మానసికారోగ్యచట్టము నిషేధించినది. 1912 నాఁటి చట్టము రోగిని "లూనటిక్" అనియే పిలిచెను. ఆ శబ్దము చంద్రవాచకమైన లాటినుపదమునుండి వచ్చినది. మనస్సునకుఁ జంద్రునితోడి సంబంధము మనకును గ్రొత్తది కాదు గాని, మనవారు దానిని రోగి పేరుగాఁ జేసి చట్టములోనికి నెక్కింపలేదు.

ఇఁక నసలు విషయము. ప్రియురాలికి మాఱుగాఁ బరిచారికను నిలుపుట యాధునికమైన యూహయని పెక్కురు తలఁతురు. చరకసంహిత చికిత్సాస్థానమున నున్మాదమునకుఁ గేటాయించిన తొమ్మిదవ యధ్యాయమును జూచినవా రట్లనరు. ఇష్టమైనదానిని గోల్పోయి మనస్సు దెబ్బతిన్నవానికి, దానిని బోలిన మఱియొకదానిని సమకూర్చియు, నూఱడించియు, ధైర్యము చెప్పియు శాంతి కలిగింపవలెనని యందుఁ గలదు. కామము, శోకము, భయము మొదలగు భావములవలనఁ బుట్టిన యున్మాదమును బరస్పరవిరుద్ధమైన భావములతోఁ జల్లార్పవలెననియుఁ గలదు. వంగకథకుఁ డీ గ్రంథమును జూచెనని నే ననుట లేదు. లోకానుభవ మొక్కటియే యగుటచే నిట్టి సంవాదములు కలుగుచుండును.

అయినను "పోలినది" యనఁగా నెట్టిది? శాస్త్రజ్ఞుల మతమున సాదృశ్యము భేదగర్భితము. దానికంటె వేఱై, దాని ధర్మములు పెక్కింటిని గలిగియున్నదే సదృశము. ఉద్దానమువారి కీ మాట వివరింపఁ బనిలేదు. (ఉద్దానము ఉద్యానశబ్దభవ మందురు, విద్య విద్దె యైనట్లు తెలుఁగున ద్యకారము ద్దకార మగుట గలదు. ప్రాకృతమున నైనచో "ఉజ్జాణ" మగును.) 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస సమీపమునఁ దీరము దాఁటి, యీ సీమలోని కొబ్బరిచెట్లను జీడిమామిడితోఁటలను గూల్చినది. తాత నాఁటిన చెట్టు కూలినచోట మొక్క నాఁటుట సదృశప్రాప్తియే. కాని నాటుకొబ్బరి కాపునకు వచ్చుట కాఱేడేండ్లు పట్టును. ఆ యాఱేడేండ్లలో రైతు మనస్సున కేమగునో చికిత్సాస్థానములో సాంత్వనమునకుఁ జోటిచ్చిన మహర్షి యెఱిఁగియే యుండును.

మొక్క మాఱుగా నిలుచుటకు నొచ్చుకొనదు, మనుష్యునిమాట వేఱు. రోగి కొకరిని సదృశముగాఁ జూపినపుడు, ఆ చూపఁబడినవారి గతి యేమి? సంహిత రోగి పక్షమున మాటాడినదేకాని యీ ప్రశ్నము జోలికిఁ బోలేదు. చిత్రము దానినే పట్టుకొన్నది. కెన్ కేసీ 1962లో వ్రాసి, 1975లోఁ జిత్రమైన "వన్ ఫ్లూ ఓవర్ ది కకూస్ నెస్ట్" అను ప్రసిద్ధకథలో రోగులను నలిపివేయునది శాల యొక్క క్రౌర్యము. ఇక్కడఁ గ్రూరుఁ డెవ్వఁడును లేఁడు. వైద్యుఁడు దయాళువు, రోగులు స్వస్థులైరి, సేవకురాలు చెడినది. నా యభిప్రాయమున నిదియే యెక్కువ దుర్భరము.

నటించుట తనకు సాధ్యము కాలేదనుటయే యామె రోగమునకు నిదానము. వైద్యుఁడు సదృశమును గోరెను. ఆమె భేదమును గోల్పోయెను.

పేరునుగూర్చి యొకమాట. వంగనామమున దీపము వెలిగించి పోవుటయను భావము గలదు. తెలుఁగున "మిగిలెడిది" వ్యవహారమున "మిగిలేది" యైనది. మన భాషలో స్త్రీవాచకము లేకవచనమున నమహద్వాచకములతోఁ జేరును. కావున నీ పదమునకుఁ జివరకు మిగులు వస్తువని యెంత యర్థమో, చివరకు మిగులు స్త్రీ యనియు నంతే యర్థము.