శ్లాబుకు చెమ్మ: నివారణోపాయాలు

గౌతమీ తీరాన, సముద్రానికి చేరువలో ఉన్న యానాం వంటి చోట్ల శ్లాబుకు ప్రధాన శత్రువు ఉప్పుగాలితో కూడిన చెమ్మ. కాంక్రీటులోని క్షారగుణం ఇనుప ఊచలను తుప్పు నుండి కాపాడుతుంది. సన్నని రంధ్రాల గుండా ఉప్పు, నీరు లోనికి చేరితే ఆ రక్షణ నశిస్తుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును పగులగొడుతుంది; పెచ్చులూడటం దాని ఫలితమే.

నివారణ శ్లాబు పోసేనాడే ప్రారంభం కావాలి. 2000 నాటి ఐ.ఎస్. 456 ప్రమాణం ఊచలపై కాంక్రీటు మందాన్ని సాధారణ పరిస్థితులలో కనీసం 20 మి.మీ.గా, తీర వాతావరణంలో 45 మి.మీ.గా నిర్దేశించింది. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిసిన సిమెంటుకు 10 రోజులు విడవకుండా తడపాలి. ఉప్పునీరు, సముద్రపు ఇసుక వాడరాదు. వాననీరు నిలువకుండా పైభాగానికి వాలు ఇవ్వాలి. తూములను వర్షాకాలానికి ముందే శుభ్రపరచాలి.

పెచ్చులూడిన చోట సిమెంటు మెత్తడం ప్రమాదాన్ని కప్పిపుచ్చడమే. పైనుండి నీరు దిగే దారి మూసి, వదులైన కాంక్రీటును తొలగించి, ఊచల తుప్పును గీకివేసిన పిమ్మట చేసిన మరమ్మతే నిలుస్తుంది. ఊచలు సన్నబడినట్లు కనిపిస్తే, ఇంజనీరు పరీక్షించేవరకు ఆ గదిలో ఎవరూ నిద్రించరాదు.