సందర్శకుల క్యూలు, ప్రవేశద్వారాలు, సూచిక బోర్డులు: నెల్లూరు తీరం

వందలూ వేలుగా జనం ఒకేచోటికి వచ్చినప్పుడు వారిని లోపలికి తీసుకోవడం, వరుసలో నిలపడం, దారి చూపడం, తిరిగి క్షేమంగా బయటికి పంపడం అనే పనులను ముందే ఆలోచించి చేసే ఏర్పాటును సందర్శక ప్రణాళిక అంటారు. గుళ్లకూ, తిరునాళ్లకూ ఈ అవసరం ఎప్పటినుంచో ఉన్నా, ఇది ఒక ప్రత్యేక విద్యగా ఎదిగింది వినోద పార్కుల్లో. 1955 జులై 17న అమెరికాలోని అనహైమ్‌లో మొదలైన డిస్నీలాండ్ ఇందుకు ఒరవడి పెట్టింది. పార్కు మొత్తానికి ఒకటే ప్రవేశం. లోపలికి రాగానే ఒకే వీధి, ఆ వీధి చివర ఎత్తుగా కనిపించే కోట, కోట ముందున్న కూడలి నుంచి తలా ఒక దిక్కుకు చీలే దారులు. ఎవరూ దారి అడగనక్కర లేకుండా కాళ్లు వాటంతట అవే కోట వైపు సాగుతాయి.

నెల్లూరు తీరంలో ఆ స్థాయి పార్కు లేదు. సముద్రం చూడాలనుకున్నవారు మైపాడు, కోడూరు బీచ్‌లకు వెళతారు, రైడ్లు ఎక్కాలనుకున్నవారు చెన్నై బస్సెక్కుతారు. అయినా వినోద పార్కు రూపకర్తలు ఎదుర్కొనే చిక్కులన్నీ ఈ తీరానికి వేరే రూపంలో వస్తూనే ఉన్నాయి. నెల్లూరు స్వర్ణాల చెరువు గట్టున రొట్టెల పండుగ, శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగ వీక్షణ, సూళ్లూరుపేట చుట్టుపక్కల ఫ్లెమింగో ఫెస్టివల్ ఇందుకు ఉదాహరణలు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు సూళ్లూరుపేట ప్రాంతం తిరుపతి జిల్లాలో చేరింది. తీరం మాత్రం ఒకటే, గాలీ వానా ఒకటే కాబట్టి ఈ వ్యాసంలో ఆ మూడింటినీ కలిపే చూడవలసి ఉంది.

జనం వచ్చే తీరు

ఏర్పాట్లకు ముందు తేల్చుకోవలసింది ఎంతమంది వస్తారన్నది ఒక్కటే కాదు, ఎలా వస్తారు, ఎలా వెళతారు అన్నది కూడా. వినోద పార్కుకు జనం ఉదయం నుంచి విడతలుగా వస్తారు, సాయంత్రం విడతలుగా వెళతారు. మధ్యలో ఒక రైడ్ నుంచి ఇంకో రైడ్‌కు తిరుగుతూ ఉంటారు. రొట్టెల పండుగ ఐదు రోజులు సాగుతుంది. చెరువు గట్టున ఉన్న బారాషహీద్ దర్గాలో మొక్కుకుని, నీళ్లలో దిగి రొట్టెలు మార్చుకుని వెళ్లేవారు రాత్రీ పగలూ వస్తూ పోతూ ఉంటారు, దర్గాలో గంధ మహోత్సవం జరిగే నాటికి రద్దీ పతాకస్థాయికి చేరుతుంది. రాకెట్ ప్రయోగం వీటికి పూర్తిగా భిన్నం. గంటల తరబడి విడివిడిగా చేరిన జనం కొద్ది నిమిషాల దృశ్యం చూసి, అందరూ ఒక్కసారే లేస్తారు.

పండుగ తేదీ కూడా లెక్కలోకి వస్తుంది. రొట్టెల పండుగ మొహర్రం నెలను బట్టి వస్తుంది కాబట్టి ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2023లో జులై చివర, 2024లో జులై మధ్యలో, 2025లో జులై మొదటి వారంలో వచ్చింది. ఈ లెక్కన 2028, 2029 నాటికి పండుగ రోహిణి కార్తె ఎండల్లో పడుతుంది. జులై మబ్బుల్లో సరిపోయిన చలువ పందిళ్లు, తాగునీటి కుళాయిలు మే ఎండకు సరిపోవు. పోయిన ఏటి ఫైలు తీసి అంకెలు మార్చితే చాలనుకునే అలవాటు ఇక్కడ పనికిరాదు.

ప్రవేశం

ప్రవేశద్వారం అంటే కమాను ఒక్కటే అనుకోకూడదు. వాహనం దిగిన చోటు, టికెట్ కౌంటరు, తనిఖీ, గేటు అన్నీ అందులో భాగమే. వీటిలో ఏది అన్నిటికంటే నెమ్మదిగా సాగుతుందో మొత్తం ప్రవేశ వేగం దానిదే. ఉదాహరణకు ఒక గేటు దగ్గర మనిషికి 12 సెకన్లు పడుతుందనుకుంటే నిమిషానికి ఐదుగురు లోపలికి వెళతారు. అలాంటి గేట్లు పది ఉంటే నిమిషానికి 50 మంది. 5,000 మంది లోపలికి చేరడానికి 100 నిమిషాలు. అందులో బ్యాగు తెరిచి చూసే పని కలిస్తే మనిషికి పట్టే సమయం రెండింతలవుతుంది, అప్పుడు మూడు గంటల ఇరవై నిమిషాలు. అందుకే బ్యాగులున్నవారికీ లేనివారికీ వేర్వేరు వరుసలు పెట్టడం చాలా పార్కుల్లో కనిపించే పద్ధతి.

5,000 అన్న సంఖ్య ఊహించి వేసింది కాదు. శ్రీహరికోటలో ఇస్రో కట్టించిన ప్రయోగ వీక్షణ గ్యాలరీ సామర్థ్యం అంతే. 2019 మార్చి 31న అప్పటి ఇస్రో ఛైర్మన్ కె. శివన్ దాన్ని ప్రారంభించారు, మర్నాడే జరిగిన పీఎస్ఎల్‌వీ-సీ45 ప్రయోగాన్ని సామాన్య ప్రజలు అక్కడి నుంచి చూశారు. సీట్లు స్టేడియంలా మెట్లు మెట్లుగా ఉంటాయి. చూడాలనుకునేవారు ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి, గుర్తింపు కార్డు వెంట తెచ్చుకోవాలి. వరుసలో సగం ఇంటి దగ్గరే ఫోన్‌లో పూర్తయినట్లే. ఈ పద్ధతి లేకపోతే సూళ్లూరుపేట నుంచి పులికాట్ సరస్సు మీదుగా శ్రీహరికోట దీవికి వెళ్లే రోడ్డే క్యూలైను అయిపోతుంది. రెండు పక్కలా నీళ్లు, బురద నేల ఉన్న ఆ దారిలో బండ్లు బారులు తీరితే పక్కకు తప్పుకునే చోటు ఉండదు. తీరంలోని ఏ సందర్శక స్థలానికైనా అసలు ద్వారం రోడ్డు చీలే మొదటి కూడలిలోనే ఉంటుందని దీన్ని బట్టి చెప్పవచ్చు.

ముందస్తు టోకెన్లకు ఒక ప్రమాదం ఉంది. అసలు చోట రద్దీ తగ్గుతుంది కాని టోకెన్ ఇచ్చే చోట కొత్త రద్దీ పుడుతుంది. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వేచి ఉన్నవారి మధ్య తొక్కిసలాట జరిగి ఆరుగురు మరణించారు. ఆ దుర్ఘటన జరిగింది తిరుమల కొండ మీది క్యూలో కాదు, కింద ఊళ్లో టోకెన్ల కేంద్రం దగ్గర.

వరుస

క్యూ లెక్కలు 1909లో డెన్మార్క్ ఇంజినీరు ఎర్లాంగ్ టెలిఫోన్ ఎక్స్ఛేంజీ కోసం మొదలుపెట్టినవి. పార్కుల్లో రోజూ వాడే సూత్రం ఇంకా తేలిక. వరుసలో ఉన్నవారి సంఖ్యను నిమిషానికి కదిలేవారి సంఖ్యతో భాగిస్తే వేచి ఉండే సమయం వస్తుంది. 24 సీట్ల రోలర్ కోస్టర్ రెండు నిమిషాలకోసారి బయలుదేరితే గంటకు 720 మంది ఎక్కుతారు. వరుసలో 360 మంది ఉంటే చివరివాడికి అరగంట పడుతుంది. ఆ చివర ‘ఇక్కడి నుంచి 30 నిమిషాలు’ అని బోర్డు పెట్టగలగడం ఈ లెక్క వల్లే. బోర్డులో రాసేటప్పుడు ఐదు పది నిమిషాలు ఎక్కువే రాస్తారు. ముందే ఎక్కినవాడు సంతోషిస్తాడు, ఆలస్యమైనవాడు తగువుకొస్తాడు.

వేచి ఉండటంలో మనసు పాత్ర పెద్దది. ఊరికే నిలబడ్డ సమయం ఎక్కువగా, ఏదో ఒక పని ఉన్న సమయం తక్కువగా తోస్తుందని డేవిడ్ మైస్టర్ 1985లో రాసిన వ్యాసంలో వివరించాడు. పాములా మెలికలు తిరిగే వరుసలు, దారిలో టీవీలు, రైడ్‌కు ముందు చిన్న గదిలో చెప్పే కథ అన్నీ దీని మీద ఆధారపడినవే. తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్స్ ఇదే చిక్కును మరో దారిలో పరిష్కరించింది. అక్కడ భక్తులను కంపార్ట్‌మెంట్లు అనే హాళ్లలో కూర్చోబెట్టి, పాలు, అన్నప్రసాదం అందించి, వంతు వచ్చినప్పుడు హాలు హాలుగా వదులుతారు. కాళ్లనొప్పి తగ్గుతుంది, ముందువాణ్ణి తోసుకుపోయే అవసరమూ ఉండదు. ఈ రెంటిలో నెల్లూరు ఎండకు నప్పేది కంపార్ట్‌మెంట్ పద్ధతే. నిలబెట్టి మెలికలు తిప్పడం ఏసీ హాలులో సాగుతుంది, చెరువు గట్టున సాగదు.

డబ్బు చెల్లించి ముందుకు వెళ్లే వరుసలు ఇప్పుడు మామూలయ్యాయి. డిస్నీ 1999లో ఫాస్ట్‌పాస్ పేరుతో సమయం ఖాయం చేసే పద్ధతి తెచ్చింది. అప్పట్లో అది ఉచితం. హైదరాబాద్ దగ్గర రావిర్యాలలో 2016లో మొదలైన వండర్‌లాలో ఫాస్ట్‌ట్రాక్ టికెట్టుకు వేరే ధర ఉంది. అలాంటి వరుస ఉన్నచోట మామూలు వరుసలోని వారికి అది కళ్లముందు కనబడకుండా గోడో చెట్లో అడ్డుపెట్టడం మంచిది. ఎండలో గంట నిలబడ్డవారి పక్క నుంచి ఇంకొకరు నడిచిపోతుంటే జరిగే గొడవను ఏ గార్డూ ఆపలేడు.

వరుస ఎంత కిక్కిరిసినా ఫర్వాలేదన్న అంచనా ప్రాణాంతకం. చదరపు మీటరుకు నలుగురు దాటితే నడక కుంటుపడుతుంది. ఏడుగురికి చేరితే జనం నీటిలా అలలుగా కదులుతారని, మనిషికి తన అడుగు మీద అదుపు పోతుందని జాన్ ఫ్రూయిన్ పరిశీలించి చెప్పాడు. పాదచారుల ప్రణాళిక మీద ఆయన రాసిన పుస్తకం 1971లో వెలువడింది. మన దేశంలో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2014లో జనసమ్మర్దం మీద మార్గదర్శిని ప్రచురించింది. సర్వి కర్రలతో కట్టిన బారికేడ్లకు మధ్య మధ్యలో తెరుచుకునే సందులు వదలాలన్నది ఇక్కడ మేస్త్రీలకూ తెలిసిన విషయమే. పని తొందరలో కట్టు బిగించేటప్పుడు మొదట మాయమయ్యేవి ఆ సందులే.

సూచికలు

అక్షరం చదవడానికి ముందు రంగు కనిపిస్తుంది. అంతర్జాతీయ పద్ధతిలో ఎరుపు నిషేధానికి, పసుపు హెచ్చరికకు, నీలం తప్పక చేయవలసిన పనికి, ఆకుపచ్చ బయటికి వెళ్లే దారికి గుర్తులు. ఫ్లెక్సీల మీద నాయకుల ఫొటోలు, స్వాగత వాక్యాలు, దారి బాణం అన్నీ ఒకేచోట గుప్పించడం తీరం పొడవునా కనిపించే లోపం. చూసినవాడికి ఫొటోలు గుర్తుంటాయి, బాణం గుర్తుండదు. బోర్డు తలల కంటే ఎత్తులో ఉండాలి, దారి చీలే చోటుకు కొన్ని అడుగుల ముందే కనబడాలి. సూళ్లూరుపేట చెన్నైకి ఎనభై కిలోమీటర్ల దూరమే కాబట్టి అక్కడ తెలుగు, ఇంగ్లిష్‌తో పాటు తమిళం కూడా అవసరం.

సూచిక బోర్డు ఒక జాతరనంతా నడపగలదని చూపేది రొట్టెల పండుగ. కోరిక ఉన్నవారు చెరువులో రొట్టె తీసుకుంటారు, అది తీరినవారు మరో ఏడు వచ్చి అదే కోరిక రొట్టెను ఇంకొకరికి ఇస్తారు. విద్య రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె, సొంతింటి రొట్టె ఇలా కోరికకో పేరు. ఈ మధ్య వీసా రొట్టె కూడా చేరింది. సంతాన రొట్టె పట్టుకొచ్చిన తల్లి, ఆ రొట్టె కావలసిన ఆడమనిషి వేలమందిలో ఒకరినొకరు వెతుక్కోవాలి. ఘాట్ల దగ్గర కోరికల పేర్లతో పెట్టే బోర్డులు ఆ పని చేస్తాయి. తలమీద కొంగు కప్పుకుని, మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి, తలెత్తి బోర్డు చదువుకుని పక్కకు జరుగుతారు. ఇక్కడ వరుస అనేదే లేదు, జనాన్ని గుంపులుగా విడదీసిందల్లా పేరు రాసిన పలక. 2015లో రాష్ట్ర పండుగగా ప్రకటించిన ఈ ఉత్సవంలో వినోద పార్కుల వారికి పనికొచ్చే అంశం ఏదైనా ఉంటే అది ఇదే.

పరిసరాలు

ఒక ఇతివృత్తాన్ని పట్టుకుని గోడలు, చెట్లు, సంగీతం, సిబ్బంది దుస్తులు అన్నీ దానికి తగ్గట్టు అమర్చడం థీమ్ పార్కు లక్షణం. బయటి ప్రపంచం కనిపిస్తే ఆ భ్రమ చెదురుతుంది. డిస్నీలాండ్ చుట్టూ మట్టికట్ట ఎత్తుగా పోసింది అందుకే. 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీలో సందర్శకుల వాహనాలు ప్రధాన ద్వారం దగ్గరే ఆగిపోతాయి, అక్కడి నుంచి సంస్థ బస్సుల్లో లోపలికి తీసుకెళతారు. శ్రీహరికోటలో నిజమైన ప్రయోగ వేదికలే కనుచూపు మేరలో ఉండగా కృత్రిమ అలంకరణ పెద్దగా అక్కర్లేదు. రాకెట్ నమూనాలు, పెద్ద తెరలు చాలు.

నేలపట్టులో లెక్క తిరగబడుతుంది. 1976లో ఏర్పడిన ఆ పక్షుల అభయారణ్యంలో గూడబాతులు గూళ్లు కట్టే కాలంలో రంగులు, మైకులు, ఎత్తయిన కమానులు పక్షులను బెదరగొడతాయి. మనుషుల కంటే ముందు పక్షుల కోసం పరిసరాలను తీర్చవలసిన చోటు అది. 2001లో మొదలైన ఫ్లెమింగో ఫెస్టివల్‌లో పాటలు, నాట్యాలు సూళ్లూరుపేటలోనూ, పడవ షికారు భీమునివారిపాళెంలోనూ, పక్షుల వీక్షణ నేలపట్టులోనూ విడివిడిగా పెట్టడం వల్ల సందడి ఊళ్లోనే ఆగి, చెరువు దగ్గర కొంతైనా నిశ్శబ్దం మిగులుతుంది.

తీరం నియమాలు

ఉప్పుగాలికి ఇనుప బోర్డులు, గొలుసులు త్వరగా తుప్పు పడతాయి. ఇసుకలో పాతిన స్తంభం ఈశాన్య రుతుపవనాల గాలికి ఒరిగిపోతుంది. జిల్లాకు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తుపానులతో కలిసి వస్తాయి. కేంద్రం 2019 జనవరిలో తెచ్చిన తీరప్రాంత నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నోటిఫికేషన్ ప్రకారం జనసాంద్రత తక్కువగా ఉన్న గ్రామీణ తీరంలో పోటు రేఖ నుంచి 200 మీటర్ల దాకా శాశ్వత నిర్మాణాలకు ఆంక్షలున్నాయి. మరుగుదొడ్లు, దుస్తులు మార్చుకునే గదులు, చిన్న పాకల వంటి తాత్కాలిక వసతులకు షరతులతో వీలుంది. అంటే బీచ్ దగ్గర టికెట్ కౌంటరు, వరుస పందిరి విప్పి తీసేవిగా ఉండాలి, రాతి కమాను రోడ్డు దగ్గర ఉండాలి. చక్రాల కుర్చీలో వచ్చేవారికి ర్యాంపు అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుకు తగ్గకూడదు, ఇసుక మీద చెక్కల దారి పరవకుండా ఆ ర్యాంపు వల్ల ప్రయోజనం లేదు.

నిష్క్రమణ

బయటికి వెళ్లే దారి లోపలికి వచ్చే దారికి వేరుగా, అంతకంటే వెడల్పుగా ఉండాలి. ప్రయోగ వీక్షణలో ఇది మరీ ముఖ్యం. గంటల తరబడి లోపలికి చేరిన 5,000 మంది పావుగంటలో గేటు దగ్గర ఉంటారు. వారిని వరుస వరుసగా లేపడం, బస్సులను విడతలుగా వదలడం, గ్యాలరీ తెరమీద కార్యక్రమం కొంతసేపు కొనసాగించి తొందర లేనివారిని కూర్చోబెట్టడం వాడదగిన పద్ధతులు.

ప్రయోగం ఆగిపోయిన రోజుకు కూడా ఏర్పాటు ఉండాలి. 2019 జులై 15న తెల్లవారుజామున 2:51కి బయలుదేరవలసిన చంద్రయాన్-2ను సాంకేతిక లోపం వల్ల 56 నిమిషాల ముందు ఆపేశారు. గ్యాలరీకి వచ్చినవారు అర్ధరాత్రి దాటాక చూడకుండానే వెనుదిరిగారు. వారం తర్వాత, జులై 22 మధ్యాహ్నం 2:43కి అది ఎగిరింది.