క్రైస్తవ బోధయు నోటిమాటయు

మతచరిత్రములు వ్రాయువారు సాధారణముగ గ్రంథములను లెక్కించుచుందురు. ఏ సువార్త ఏ యేట తెనుగైనది, ఏ ముద్రాలయమున అచ్చుపడినది, ఎన్ని ప్రతులు పంచిపెట్టిరి అనునవియే చరిత్రమని తలంచుట పరిపాటియైనది. గ్రంథమునకు తేదీ యుండును, ముఖపత్రముండును, బీరువాలో చోటుండును. నోటిమాటకు ఇవి యేవియు లేవు. అయినను తెలుగుదేశమున క్రైస్తవమతము వ్యాపించిన తీరును పరిశీలించినచో, మాట ముందును పుస్తకము వెనుకను నడచినట్లు తేటపడును. 1901వ సంవత్సరపు జనాభా లెక్కలలో భారతదేశమున చదువను వ్రాయను నేర్చినవారు నూటికి అయిదుగురు. స్త్రీలలో నూటికి ఒక్కరును లేరు. అట్టి దేశమున అచ్చుపుస్తకము తనంతట తానై ఎవరి మనస్సును మార్చగలదు? చదివి వినిపించు నోరు లేనిదే అది కాగితముల కట్ట.

ఈ విషయమును విచారించుటకు మడకశిర ప్రాంతము మిక్కిలి తగినది. హిందూపురము, పెనుగొండ, ధర్మవరము దీనికి ఇరుగుపొరుగులు. 1882వ సంవత్సరమున అనంతపురము ప్రత్యేకమైన జిల్లా యగువరకు ఈ సీమయంతయు బళ్ళారి అధికారుల పాలనలోనిది. 2022వ సంవత్సరమునుండి శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. ఇచ్చట కన్నడమును తెలుగును ఒకే వీధిలో నివసించును. ఇంట ఒక భాషయు సంతలో ఒక భాషయు పలుకువారు, ఒక వాక్యమును తెలుగున మొదలిడి కన్నడమున ముగించువారు ఇచ్చట వింత కారు. మాటతో జీవించువారును పలువురు. శంఖమూదుచు ఇంటింట పాడు దాసరులు, గంట వాయించు జంగములు, ధర్మవరమునకు చేరువనున్న నిమ్మలకుంట తోలుబొమ్మలాటవారు, వీరందరును అక్షరము రానివారికి పురాణమును అందించినవారే. కదిరి చెంత కటారుపల్లిలో సమాధి కలిగిన వేమన్న పద్యములు తాటాకుకంటె ముందు నాలుకలపై నిలిచినవి. చెవితో చదువుకొన్న సీమ యిది. ఇట్టి సీమకు క్రొత్త మతమును బోధింప వచ్చినవారు మొదట గెలువవలసినది చెవినే.

18వ శతాబ్దారంభమున ఫ్రెంచి జెసూటు గురువులు కర్ణాట మిషను అను పేర పుంగనూరు, కృష్ణాపురము, చిన్నబళ్ళాపురము మొదలగు చోట్ల నెలకొనిరి. వారు కాషాయవస్త్రములు ధరించి, మాంసము వర్జించి, రోమాపురినుండి వచ్చిన సన్యాసులమని చెప్పుకొనిరి. దీనిని కపటమని నిందించినవారు అప్పుడును కలరు, ఇప్పుడును కలరు. మాకు తోచునదేమనగా, మాటకు విలువ దానిని పలుకువాని వేషమునుబట్టియు నడవడినిబట్టియు కలుగు దేశమున, వారు ముందుగ వినదగినవారుగా కనబడుటకు పాటుపడిరి. తెలుగు నేర్చిరి, సంస్కృతము నేర్చిరి. వారిలో కల్మెత్తు అను గురువు వేదముల ప్రతులను సంపాదించి 1730 దశకమున పారిసులోని రాజగ్రంథాలయమునకు చేర్పించెను. ఆ వేదవాక్యములనే ఎత్తి చూపి పండితులతో వాదించితిమని తన లేఖలలో వ్రాసికొనెను. ఆ కాలముననే ఈ గురువులు పంపిన తెలుగు ప్రతులలో వేమన పద్యములును పారిసు చేరినవి.

కాని వాదమునకు దొరకిన ఫలమెంత? పండితుడు వాదమున ఓడినను ఇంటికి పోయి సంధ్య వార్చుకొనును. ఈ మిషనుకు దొరకిన విశ్వాసులలో బ్రాహ్మణులు బహు స్వల్పము. మద్దిగుబ్బ, ఆలమూరు మొదలగు గ్రామముల కాపులును తదితర కృషీవలులును అధికము. వారికి మతము వేదవాదము వలన రాలేదు. బావ చెప్పగా బావమరది వినెను. వియ్యంకుడు చెప్పగా వియ్యంకుడు వినెను. గురువు ఏడాదికి రెండు మూడు మారులు వచ్చిపోవును. ఊరిలో నిలిచి ప్రార్థన పలికించినవాడు ఉపదేశి. తెలుగువాడు, ఆ ఊరి యాసవాడు, పిల్లలకు జపములు ఒక్కొక్క ముక్కగా చెప్పి తిరిగి చెప్పించినవాడు అతడే. గురువుల లేఖలలో దాసరుల వలన కలిగిన అలజడులు మాటిమాటికి కనబడును. ఇది సహజమే. ఇంటింట నోటిమాటతో భక్తిని నిలుపు వృత్తివారు తమ వాకిటికే మరియొక నోరు వచ్చినదని గ్రహించిరి.

ఈ బోధకులు ఏరుకొన్న మాటలను గమనింపుడు. దేవునికి సర్వేశ్వరుడనియు, మతప్రవేశసంస్కారమునకు జ్ఞానస్నానమనియు పేరిడిరి; కతోలికులు నేటికిని అట్లే పలుకుదురు. తరువాత వచ్చిన ప్రొటెస్టెంటులు గ్రీకు పదమునే తెచ్చి బాప్తిస్మమనిరి. వినువాని పక్షమున ఆలోచించినచో రెంటికిని చిక్కు కలదు. బాప్తిస్మమనిన ఏమియు తెలియదు, ఎవరైనను విప్పి చెప్పవలెను. జ్ఞానస్నానమనిన సగము తెలియును. ఆ తెలిసిన సగము గోదావరీ పుష్కరస్నానము వంటిదే యని వినువాడు అనుకొనవచ్చును. అవతారమను పదమును వాడినచో పదింటికి పదునొకండవది చేర్చినట్లగును. అందువలన పదమెంత చక్కనిదైనను ప్రక్కన నిలిచి ‘అట్లు కాదు, ఇట్లు’ అని చెప్పువాడొకడు ఉండవలసివచ్చెను. నిఘంటువు ఆ పని చేయజాలదు. అయినను మాకు జ్ఞానస్నానమను మాటయే ఇంపు. చెవికి పరాయిది కాని మాటతో సంభాషణ మొదలగును.

ఈ మిషనులోనే పనిచేసిన కూర్దూ గురువు తెలుగు, సంస్కృత, ఫ్రెంచి పదములతో నిఘంటువు కూర్చెను. దానమునకు లాటిను దోనుమ్, విధవకు లాటిను విదువా — ఇట్టి పోలికలు ఎట్లు కలిగినవని 1767వ సంవత్సరమున పారిసు పండితపరిషత్తునకు వ్రాసి, ఈ జాతుల మూలమొక్కటియే కావలెనని ఊహించెను. సర్ విలియం జోన్సు ప్రఖ్యాతమైన ఉపన్యాసము అటుపిమ్మట 19 సంవత్సరములకు, 1786లో జరిగినది. కూర్దూ లేఖ 1808 వరకు అచ్చుకాలేదు. కీర్తియంతయు జోన్సునకు దక్కెను. అచ్చుపడనిది చరిత్రకెక్కదని మేము మొదట చెప్పినదానికి ఇదియు ఒక నిదర్శనము.

1773వ సంవత్సరమున పోపు జెసూటు సంఘమును రద్దుచేసెను. దక్షిణదేశమంతయు యుద్ధములతో అట్టుడికిన కాలమది. ఈ సీమ కాపు కుటుంబములు కొన్ని అంతకుముందే తూర్పునకు, గుంటూరు మండలమునకు తరలిపోయినవి. ఫిరంగిపురము మొదలగు చోట్ల కతోలిక రెడ్లు తమ పూర్వులు మద్దిగుబ్బ, ఆలమూరులనుండి వచ్చినవారని నేటికిని చెప్పుకొందురు. గురువులు అరుదైరి. బైబిలు వారిచేతిలో లేదు. ఉన్నను చదువగలవారు కొలది. మిల్‌హిల్ గురువులు 1875లో తెలుగుదేశమునకు వచ్చువరకు, అనగా నూరేండ్ల కాలము, ఎప్పుడో యొకప్పుడు వచ్చిపోవు గురువు తప్ప ఆధారము లేని ఈ కుటుంబములలో మతమును నిలిపినది తల్లులు బిడ్డలకు కంఠస్థము చేయించిన జపములును ఉపదేశుల నోరునే. నూరేండ్లు నిలిచిన ఆ కంఠపాఠమును ఏ ముద్రాలయపు లెక్కలో చేర్చవలెను?

ప్రొటెస్టెంటులు పుస్తకమును ముందిడుకొని వచ్చిరి. లండను మిషనువారైన క్రాన్, డెస్ గ్రాంజెస్ అనువారు 1805లో విశాఖపట్టణము చేరిరి. ఆనందరాయలను మహారాష్ట్ర బ్రాహ్మణుడు క్రైస్తవుడై వారికి తోడ్పడెను. క్రాన్ 1809లోను, డెస్ గ్రాంజెస్ 1810లోను మరణించిరి. వారి సువార్తల తెనుగు 1812లో శ్రీరామపురమున అచ్చుపడెను. ఆ మిషనుకే చెందిన జాన్ హ్యాండ్సు 1810లో బళ్ళారి చేరి బైబిలును కన్నడించెను. ఇట్లు తూర్పునుండి తెలుగు బైబిలును పడమటినుండి కన్నడ బైబిలును వచ్చి మడకశిర పొలిమేరలో కలిసినవి. ఆ రెండు పుస్తకములును వేరు వేరు లిపులలో, వేరు వేరు పండితుల శైలిలో నున్నవి. సంతలో నిలిచిన శ్రోత మాత్రమొక్కడే. హిందూపురము సంతకు బెల్లమో చింతపండో తెచ్చుకొన్న రైతుకు, రెండు భాషలను కలిపి పలుకగల బోధకుని నోటనే ఆ రెండు పుస్తకములును ఒకటి కావలెను.

ఆ తొలి అనువాదముల తెలుగు ఎట్టిదో పెద్దలు పలుమారు పరిహసించియే యున్నారు. విభక్తులు సరిగనే యుండును, వ్యాకరణము తప్పదు. కాని అట్లు మాటలాడు మనుష్యుడు తెలుగుదేశమున పుట్టలేదు. పుస్తకమును పట్టుకొని పాదిరీ ఆ భాషలోనే మాటలాడగా జనులు ముఖముఖములు చూచుకొనుట వింతయా? పాట ఈ చిక్కును కొంత తీర్చెను. పర్లాకిమిడి ప్రాంతమున 1803లో జన్మించి, 1833లో కటకమున జ్ఞానస్నానము పొందిన పురుషోత్తమ చౌదరి తెలుగున కీర్తనలు రచించుచు, శ్రీకాకుళము మొదలగు చోట్ల సంచరించి బోధించెను. తెలుగు చెవికి అలవాటైన రాగతాళములలో నడచుటచేతనే అవి చదువురానివారి నోళ్ళకును ఎక్కినవి.

గుంటూరు చేరిన కాపుల త్రోవను దక్షిణమునకు సాగించినచో ఒంగోలు తగులును. అచ్చటి కథ మా వాదమునకు అన్నిటికంటె బలమైనది. తాళ్ళకొండపాడు గ్రామమున ఎర్రగుంట్ల పేరయ్య అను మాదిగ తోళ్ళ వ్యాపారము చేయుచుండెను. అంతకుముందు యోగమార్గమును ఉపదేశించు గురువులను ఆశ్రయించి, పరతత్త్వమును గూర్చిన జిజ్ఞాస కలిగియుండెను. వ్యాపారమునకై ఏలూరు వైపునకు పోయినపుడు అలెగ్జాండరు అను మిషనరీ బోధను వినెను. తిరిగివచ్చి తనవారికి చెప్పసాగెను. 1866లో క్లౌ దొర ఒంగోలునకు వచ్చి అతనికిని భార్య నాగమ్మకును బాప్తిస్మమిచ్చు నాటికి అతని మాట మాదిగపల్లెలలో నడచుచునే యున్నది. తోళ్ళ బేరమునకు పోయిన త్రోవలే బోధకును త్రోవలైనవి. ఈ మార్గమును ఏ మిషను సభయు తీర్మానింపలేదు.

1876 మొదలు 1878 వరకు కలిగిన కరవులో క్లౌ దొర బకింగ్‌హాము కాలువపని గుత్తకు పట్టి పేదలకు కూలి దొరకునట్లు చేసెను. అతని బోధకులే అచ్చట మేస్త్రీలు. పగలు పనిచూచి విశ్రాంతి వేళల కూలివారితో మాటలాడెడివారు. కరవుపని సాగినంత కాలము బాప్తిస్మములు నిలిపివేసి, తరువాత 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కనాడే 2,222 మందికి ఇచ్చిరి. నీటిలో నిలిచి ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. దొర ఒడ్డుననే యుండెను. గంజికై మతము మార్చుకొనిరని నాటి పత్రికలలోనేకాక నేటి సంభాషణలలోను వినబడును. గంజి ఆకలిని తీర్చును. కరవు పోయిన పిమ్మట గంజి యుండదు, వీరు నిలిచిరి. ఆ నిలుకడకు కారణము వేరొకచోట వెదకవలెను.

మా యభిప్రాయమును దాపరికము లేక చెప్పుచున్నాము. అంతవరకు మాలమాదిగ పల్లెలోనికి వచ్చిన మాటలు ఏవి? వెట్టికి రమ్మను ఆజ్ఞ, పన్ను అడుగు కేక, దూరముగ పొమ్మను హెచ్చరిక. వారి చెంత కూర్చుండి, వారి పలుకుబడిలో, వారి ఆత్మకును ఒక కథ కలదని చెప్పినవాడు రాలేదు. పురాణము వినవలెనన్నను గుడిగోడకు ఆవల నిలువవలెను. అట్టిచోటికి తమవాడే యైన పేరయ్య వచ్చి కూర్చుండి మాటలాడెను. విన్నవారు ఆ సిద్ధాంతమును ఎంతవరకు గ్రహించిరో గాని, తమతో ఒకడు మాటలాడుచున్నాడని మాత్రము గ్రహించిరి. ఒంగోలు పాఠశాలలో మాదిగలు చేరగనే అగ్రవర్ణముల బాలురు విడిచిపోయిన సంగతియు ఇచ్చట స్మరింపదగినది. మన సంస్కర్తలు పట్టణపు సభామందిరములలో ఏకేశ్వరోపాసనను గూర్చియు జాతిభేదనిరాకరణమును గూర్చియు గంభీరమైన సమాసములతో ఉపన్యసించిరి. చెప్పినది మంచిదే, ఏ పల్లెను గూర్చి చెప్పిరో ఆ పల్లెకు ఒక్క సమాసమును చేరలేదు. ఈ మాట గ్రాంథికమున వ్రాయుచున్న మాకును తగులునని మీరు నవ్వినచో మేమును మీతో నవ్వుదుము.

స్త్రీల సంగతి వేరుగ చెప్పవలెను. ఘోషాలోనున్న ఇండ్లకు పురుష బోధకుడు పోజాలడు. బైబిలు స్త్రీలనబడిన తెలుగు స్త్రీలు, కుట్టుపనియు అక్షరములును నేర్పుచు, కథలు చెప్పుచు లోపలి వసారాలకు పోయిరి. అందరును మతము మారిరా? లేదు, మారినవారు చాల కొలది. కాని పెక్కిండ్ల స్త్రీలకు అక్షరము నేర్పుటకై గడప దాటి వచ్చిన మొదటి వ్యక్తి ఆమెయే.

నోటిమాటకు దోషములు లేకపోలేదు. జాతరలలో నిలిచి ఎదుటివారి దేవతలను పరిహసించిన బోధకులు ఉండిరి. వారి మాటలవలన గాయములే మిగిలినవి. పుస్తకములోని పరుషోక్తిని మూసి పక్కన పెట్టవచ్చును. తన ఊరి తిరునాళ్ళలో తన తల్లి మ్రొక్కు దేవతను నిందింపగా విన్నవాడు దానిని మరువడు. మతము మారినవారి నోటనే ఆ నిందను పలికించుట మరింత కీడు. వారు ఆ ఊరిలోనే బ్రతుకవలసినవారు గదా.

క్లౌ దొర రెండవ భార్యయైన ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ ఒంగోలు ప్రాంతపు వృద్ధ బోధకుల చెంత కూర్చుండి వారు చెప్పినదెల్ల వ్రాసికొనెను. పేరయ్య కథయు, మాదిగల నోళ్ళలో నిలిచియున్న అరుంధతీ మాతంగుల కథలును అందుండుటచేతనే మనకు దక్కినవి. 1899లో ఆంగ్లమున వెలువడిన ఆ గ్రంథమునకు ఆమె ‘చెప్పులు కుట్టుచు’ అను అర్థము వచ్చు పేరుంచెను.