బొక్కలు కట్టే చేతులు

కరీంనగర్ పల్లెల్లో ఎముక విరిగితే ‘బొక్క ఇరిగింది’ అంటారు. ఆర్థోపెడిక్ సర్జన్ వాళ్లకు బొక్కల డాక్టర్. ఆయన బోర్డు ఊళ్లలో వెలవకముందు, కల్లు గీస్తూ తాటిచెట్టు మీంచి జారిన గౌడన్నను మంచం మీద మోసుకుపోయింది బొక్కలు కట్టేటాయన ఇంటికే. ఆయన దగ్గర పట్టా లేదు, ఎక్స్‌రే లేదు. వేళ్లతో తడిమి, లాగి, సరిచేసి, వెదురు బద్దలు పెట్టి గుడ్డ చుట్టేవాడు.

ఈ పనికి పాత శాస్త్రమే ఉంది. సుశ్రుత సంహిత కీళ్లు తప్పడాన్ని ఆరు రకాలుగా, ఎముక విరగడాన్ని పన్నెండు రకాలుగా లెక్కగట్టింది. చలికాలంలో ఏడు రోజులకు, ఎండాకాలంలో మూడు రోజులకు కట్టు మార్చమంది. వదులుగా కడితే కీలు నిలవదని, మరీ బిగిస్తే వాపూ చీమూ వస్తాయని హెచ్చరించింది. నాటు కట్టు వికటించి పెద్దాసుపత్రికి వచ్చే కేసుల్లో ఇప్పటికీ కనిపించే పెద్ద తప్పు ఆ రెండోదే: బిగుతు. నెత్తురు ఆడక చెయ్యే పోయిన సందర్భాలున్నాయి.

తెలుగునాట ఈ విద్యకు పేరు తెచ్చింది పుత్తూరు కట్టు. ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలతో ఒక కుటుంబం తరతరాలుగా కడుతూ వచ్చింది. విద్య మాత్రం ఇల్లు దాటి కళాశాల గడప తొక్కలేదు.

అమెరికాలో కథ వేరే దారి పట్టింది. ఆండ్రూ టేలర్ స్టిల్ సరిహద్దు పల్లెల డాక్టర్. 1864లో ముగ్గురు పిల్లలు మెదడు పొరల జబ్బుతో కళ్లముందే పోయారు. అప్పటి మందుల మీద ఆయనకు నమ్మకం పోయింది. శరీరమంతా ఒకే అల్లిక అనీ, పొందిక సరిచేస్తే ఒళ్లు తనంతట తానే కోలుకుంటుందనీ 1874లో ప్రకటించాడు. దానికే ఆస్టియోపతి అని పేరు. తర్వాత ఎముకలు సర్దే పనిలోనూ చేయి తిరిగినవాడయ్యాడు. దాదాపు ప్రతి జబ్బునూ వెన్నెముకకు ముడిపెట్టిన ఆయన ధోరణి అతిశయమే. కానీ 1892లో కిర్క్స్‌విల్‌లో బడి పెట్టాడు, ఆడవాళ్లనూ చేర్చుకున్నాడు. గుట్టు విద్య పాఠ్యాంశమైంది.

ఆ చదువు తర్వాత రెండుగా చీలింది. అమెరికాలో డి.ఓ. (డాక్టర్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్) పట్టా పొందినవారు మందులు రాస్తారు, ఆపరేషన్లు చేస్తారు. అక్కడి తెలుగు కుటుంబాల పిల్లలకూ అది తెలిసిన దారే. బ్రిటన్‌లో ఆస్టియోపాత్ చేతులతోనే వైద్యం చేస్తాడు, 1993 చట్టం కింద పేరు నమోదు చేసుకోవాలి. మొదటినుంచి ఈ విద్య నేర్చుకునేవారికి 4,200 గంటల శిక్షణ, అందులో కనీసం 1,000 గంటలు రోగుల దగ్గర ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో సూచించింది.

మన దగ్గర ‘మొత్తం మనిషికి వైద్యం’ అన్న ఆలోచన ప్రకృతి చికిత్స వాకిట్లోంచి వచ్చింది. జర్మనీకి చెందిన ప్రకృతి వైద్యుడు లూయీ కూనే పుస్తకాన్ని 1894లోనే డి.వెంకటచలపతి శర్మ తెలుగు చేశారు. 1970లో హైదరాబాద్‌లో గాంధీ ప్రకృతి వైద్య కళాశాల మొదలైంది. ప్రకృతి వైద్య డిగ్రీ చదువులో మర్దనతోపాటు ఆస్టియోపతి, కైరోప్రాక్టిక్ పద్ధతుల పరిచయమూ ఉంటుంది. విరిగిన బొక్క సర్జన్‌కు, బిగుసుకున్న కండరం ఫిజియోథెరపిస్టుకు, మర్దన ప్రకృతి వైద్యుడికి పోయాయి. ఒకప్పుడు ఒక్కడి చేతిలో ఉన్న పని ఇలా ముగ్గురికి పంపకమైంది.

ఈ పంపకంలో జారిపోయేది ఒక ప్రశ్న: నువ్వు ఏం పని చేస్తావు? జగిత్యాల, కోరుట్లల్లో ఒళ్లో చాట పెట్టుకుని, మెడ వంచి, రోజంతా బీడీలు చుట్టే ఆడవాళ్ల మెడనొప్పి ఎక్స్‌రేలో దొరక్కపోవచ్చు. సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) ముందు గంటలకొద్దీ నిలబడే కార్మికుడి నడుముదీ, గోదావరిఖని బొగ్గు గనిలో వంగి పనిచేసినవాడి మోకాలిదీ అదే తీరు. బొక్కలు కట్టేటాయనకు ఆ ప్రశ్న అడిగే పనే లేదు, ఆయనదీ ఆ ఊరే.

గౌడన్న విషయంలో మాత్రం జవాబు చెట్టు మీదనే వెతికారు. మోకు జారినా మనిషి కింద పడకుండా ఆపే ‘కాటమయ్య రక్షణ కవచం’ కిట్ల పంపిణీని తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో మొదలుపెట్టింది.